గుంటల లెక్క తెలియని డేటాబేస్ చదువు

సిద్దిపేట: డేటాబేస్ అంటే ఏమిటని జిల్లాలో కంప్యూటర్ సబ్జెక్టుతో డిగ్రీ చదివే విద్యార్థిని అడిగితే తడుముకోకుండా జవాబు వస్తుంది. ఎడ్గార్ కాడ్ 1970లో ఐబీఎంలో పనిచేస్తూ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడని చెబుతాడు. మొదటి నార్మల్ ఫారం మొదలుకొని బీసీఎన్‌ఎఫ్ దాకా వరుసగా అప్పజెబుతాడు. అదే విద్యార్థి చేతికి ఇంట్లోని పట్టాదారు పాసుపుస్తకం ఇచ్చి, విస్తీర్ణం గడిలో ఉన్న 1.30 అనే అంకెను పట్టికలో ఏ రకం డేటాగా దాచాలని అడిగితే, దశాంశ సంఖ్యగా అని చెప్పే అవకాశమే ఎక్కువ. పరీక్షలో ఆ ప్రశ్న రాదు కనుక ఆ జవాబు తప్పని అతడికి చెప్పేవారు కూడా ఉండరు.

తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. 1.30 అంటే ఒక ఎకరం 30 గుంటలు తప్ప ఎకరం మీద పదింట మూడు వంతులు కాదు. దీన్ని మామూలు సంఖ్యగా నమోదు చేస్తే కంప్యూటర్ చివరి సున్నాను విలువ లేనిదిగా భావించి 1.3 అని చూపవచ్చు. చూసినవారు దాన్ని ఎకరం మూడు గుంటలని చదివితే ఒక్క అంకెతో 27 గుంటల నేల మాయమైనట్టే. అన్నదమ్ములిద్దరికీ చెరి 1.30 ఉంటే యంత్రం 2.60 అని కూడుతుంది. పొలం గట్టు మీద లెక్క మాత్రం 3 ఎకరాల 20 గుంటలు. ఎకరాకు వంద సెంట్లుగా లెక్కించే ఆంధ్ర ప్రాంతంలో ఇదే అంకె ఇదే విధంగా కూడితే పొరపాటు ఉండదు. కాబట్టి అక్కడ చక్కగా నడిచిన ప్రోగ్రామును ఇక్కడికి తెచ్చి పెట్టినా చిక్కే. ప్రోగ్రాము రాసే నేర్పుతో తీరే సమస్య కాదిది. రాయడానికి ముందు ఆ ఊళ్లో భూమిని ఎలా కొలుస్తారని అడిగి తెలుసుకోవాలి. ఇంజినీరింగ్ పుస్తకాల భాషలో దీని పేరు రిక్వైర్‌మెంట్స్, అంటే అవసరాల సేకరణ. కంప్యూటర్ చదువులో అతి తక్కువ శ్రద్ధకు నోచుకుంటున్న అధ్యాయం కూడా అదే.

పాఠ్యప్రణాళికలో ఉన్నా పాఠంలో లేదు

విశ్వవిద్యాలయాలు దీన్ని మరిచాయని అనలేము. బీఎస్సీ, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ కోర్సులలో డేటాబేస్ ఒక ప్రధాన సబ్జెక్టు. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలోని ఇంజినీరింగ్ కళాశాలలలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పాఠ్యాంశంలో రిక్వైర్‌మెంట్స్ పైనే విడిగా యూనిట్ ఉంది. వినియోగదారుల అవసరాలు, వ్యవస్థ అవసరాలు, సాధ్యాసాధ్యాల పరిశీలన, అవసరాల సేకరణ, వాటి ధ్రువీకరణ, మార్పుల నిర్వహణ అన్నీ అందులో ఉన్నాయి. ప్రెస్‌మన్, సోమర్‌విల్ రాసిన పుస్తకాలు ప్రపంచమంతటా చదివేవే, లోటు లేనివే.

లోటు ఉదాహరణల్లో ఉంది. తరగతిలో బొమ్మ గీయాలంటే లైబ్రరీ, బ్యాంకు, ఆసుపత్రి, హాస్టల్. ఏళ్లుగా ఈ నాలుగే. పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించిన ఈఆర్ చిత్రాన్ని విద్యార్థి చక్కగానే గీస్తాడు. దీర్ఘచతురస్రంలో ‘కస్టమర్’, వజ్రాకారంలో ‘డిపాజిట్’, మరో దీర్ఘచతురస్రంలో ‘అకౌంట్’. ఆ కస్టమర్ ఎవరో, బ్యాంకు కౌంటర్ వెనుక ఏం జరుగుతుందో అతడు ఎన్నడూ చూసి ఉండడు, చూడవలసిన పని కూడా పడదు. ఎవరినీ ఏమీ అడగకుండానే అవసరాల పత్రం సిద్ధమవుతుంది. ఐఈఈఈ 830 నమూనాలోని శీర్షికలు యథాతథంగా దించి, వాటి కింద నాలుగేసి వాక్యాలు నింపితే సరిపోతుంది. చివరి ఏడాది ప్రాజెక్టు సంగతి మరీ చోద్యం. హైదరాబాద్‌లోని అమీర్‌పేటలో ప్రాజెక్టులు సీడీతో, బైండింగు చేసిన పుస్తకంతో సహా రెడీమేడ్‌గా దొరుకుతాయన్నది కళాశాలలన్నింటికీ తెలిసిన బహిరంగ రహస్యం. అవసరం ఎవరిదో తెలియని ప్రాజెక్టుకు అవసరాల అధ్యాయం మాత్రం ఇరవై పేజీలు ఉంటుంది!

ఒక మాట విద్యార్థుల పక్షాన కూడా చెప్పుకోవాలి. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఈ పుస్తకాల ఇంగ్లిషు ఒక గోడ. గోడ దాటే ప్రయత్నంలోనే సెమిస్టరు గడిచిపోతుంది. నిజానికి అవసరాల సేకరణలో వారికి ఇతరులకు లేని బలం ఉంది. వినియోగదారు మాట్లాడే భాష వారి ఇంటి భాషే. ఆ బలాన్ని వాడుకునే పాఠం ఒక్కటీ లేకపోవడం విచారకరం.

ఒక్క వాక్యంలో నాలుగు పట్టికలు

‘పట్టా ఆయనది, కబ్జా నాది, కాగితం తెల్లది, రాసిచ్చినాయన లేడు.’ తహసీల్దారు కార్యాలయం ఆవరణలో అరగంట నిలబడితే ఈ అర్థం వచ్చే మాట ఏదో ఒక రూపంలో చెవిన పడుతుంది. చదువుకున్నవారు దీన్ని గోడుగా వింటారు. డేటాబేస్ విద్యార్థి దృష్టితో వింటే ఇది పూర్తి స్థాయి అవసరాల ప్రకటన. పట్టాదారు, అనుభవదారు వేర్వేరు వ్యక్తులు కావచ్చు, కనుక ఇద్దరికీ చోటుండాలి. రిజిస్ట్రేషన్ లేని సాదాబైనామా అనే లావాదేవీ ఉంది, దానికీ నమోదు ఉండాలి. అమ్మినవాడు మరణించాడు, కనుక విరాసత్ తేలాలి. తేలేదాకా భూమి ‘వివాదంలో ఉంది’ అని చెప్పే స్థితి ఒకటి కావాలి. ఇందులో ఏ ఒక్కటి మరిచినా ఆ మనిషి ఆ వ్యవస్థకు కనిపించడు.

ఈ రికార్డుకు ఉన్న చరిత్ర కూడా చిన్నది కాదు. నిజాం కాలపు సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి చేసాల పహాణీలు నేటికీ వివాదం వచ్చినప్పుడల్లా బయటికి తీసే ఆధారాలు. పాత పహాణీలో 30కి పైగా గడులు ఉండేవి. పట్టాదారు పేరు ఒక గడిలో, సాగు చేస్తున్నవారి పేరు వేరొక గడిలో రాసేవారు. పై నుంచి 2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు పాత మెదక్ మండలాలకు తోడు కరీంనగర్ నుంచి హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి వైపు గ్రామాలు, వరంగల్ నుంచి చేర్యాల, మద్దూరు వైపు గ్రామాలు వచ్చి కలిశాయి. మూడు పాత జిల్లాల దస్తాలు ఒక్క కలెక్టరేటుకు చేరాయి. సమాచార వ్యవస్థల పాఠం చెప్పదలచిన అధ్యాపకుడికి ఇంతకు మించిన ఉదాహరణ అమెరికా పుస్తకంలో దొరకదు.

ధరణి అనుభవం

ఈ ఉదాహరణ కాగితం మీద ఆగిపోలేదు. రాష్ట్ర ప్రభుత్వం 2017 సెప్టెంబర్ 15న భూ రికార్డుల ప్రక్షాళనను ప్రారంభించింది. దశాబ్దాల చిక్కుముడులను ఆ ఏడాది డిసెంబర్ ఆఖరుకల్లా, అంటే వంద రోజుల్లో విప్పాలన్నది సంకల్పం. వివాదం లేని భూములను పార్ట్-ఏలో, వివాదం ఉన్నవాటిని పార్ట్-బీలో చేర్చారు. 2018 మేలో రైతుబంధు ప్రారంభమైంది. అప్పటి నుంచి ఆ రికార్డే డబ్బు పంపిణీకి ఆధారమైంది. పార్ట్-బీలో పడిన భూమికి పాసుపుస్తకం లేదు, పాసుపుస్తకం లేనివారికి పెట్టుబడి సాయం లేదు. ‘తరువాత చూద్దాం’ అని పక్కన పెట్టిన వరుస ఒక కుటుంబానికి ఏళ్ల తరబడి నష్టమైంది.

2020 సెప్టెంబర్‌లో వీఆర్‌ఓ వ్యవస్థ రద్దయింది. అదే ఏడాది అక్టోబర్ 29న మేడ్చల్ జిల్లా మూడు చింతలపల్లిలో ధరణి పోర్టల్ మొదలైంది. దాని మేలు చెప్పకపోతే అన్యాయం. అంతకు ముందు రిజిస్ట్రేషన్ ఒక చోట, మ్యుటేషన్ మరొక చోట, నడుమ నెలల తిరుగుడు ఉండేది. ధరణిలో స్లాటు తీసుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళితే రెండూ ఒక్కరోజే ముగిసేవి. రికార్డు శుభ్రంగా ఉన్న రైతుకు అది నిజంగా వరమే. డేటాబేస్ పాఠంలో చెప్పే ట్రాన్సాక్షన్ సూత్రం, అంటే పని జరిగితే మొత్తం జరగాలి లేకుంటే అసలు జరగకూడదు అన్నది, అక్కడ చక్కగా అమలైంది.

చిక్కు వచ్చింది రికార్డు శుభ్రంగా లేని రైతుకు. వ్యవస్థను రూపొందించినవారు అమ్మకం, కొనుగోలు, వారసత్వం, భాగపంపిణీ వంటి పనులను ముందు ఊహించారు. ముందే తప్పు పడిన పేరును, తగ్గిన విస్తీర్ణాన్ని, కనిపించకుండా పోయిన సర్వే నంబరును సరిదిద్దే దారి తొలిరోజుల్లో పోర్టల్‌లో లేదు. కంపెనీల పేరిట, ప్రవాసుల పేరిట ఉన్న భూములకు కూడా దారి లేదు. ఫిర్యాదులు వచ్చిన కొద్దీ ఒక్కొక్క మాడ్యూలు చేరుస్తూ పోయారు. వాటి సంఖ్య 30 దాటింది. పాసుపుస్తకంలో తప్పుల సవరణకు వచ్చిన టీఎం-33 పేరు చదువురాని రైతు నోట కూడా పలికిందంటే ఆ అవసరం ఎంత విస్తృతమైనదో గ్రహించవచ్చు. ఏ మాడ్యూలులో దరఖాస్తు పెట్టాలో తేల్చుకోలేక మీసేవ కేంద్రాల చుట్టూ తిరిగినవారు ఎందరో. సాగుదారు గడి కొత్త చట్టంలో లేకపోవడంతో అనుభవదారులు రికార్డు నుంచే తప్పుకున్నారు. సర్వే నంబరులో కొంత భాగం ప్రభుత్వ భూమి అయితే మొత్తం నంబరు నిషేధిత జాబితాకెక్కిన సందర్భాలు కోకొల్లలు. సాదాబైనామాల క్రమబద్ధీకరణకు 2020లో వచ్చిన దరఖాస్తులు సుమారు 9 లక్షలు ఏళ్ల తరబడి కదలలేదు.

ఈ పరిణామాన్ని సాఫ్ట్‌వేర్ శాస్త్రం ఎప్పుడో గుర్తించింది. అవసరాల దశలో జరిగిన పొరపాటును వ్యవస్థ నడకలోకి వచ్చాక దిద్దాలంటే ఖర్చు అనేక రెట్లు పెరుగుతుందని బారీ బోహెమ్ 1981లోనే తన గ్రంథంలో వివరించాడు. ఆయన చెప్పింది సంస్థ భరించే ఖర్చు. భూమి రికార్డు విషయంలో ఆ ఖర్చులో పెద్ద భాగాన్ని బస్సు చార్జీలుగా, దరఖాస్తు రుసుములుగా, పోయిన కూలి రోజులుగా రైతే భరించాడు.

ఈ కథలో జిల్లాకు ప్రత్యేక స్థానం ఒకటుంది. ధరణి సమస్యలపై ఊరికే వెళ్లి విందామన్న ప్రయత్నానికి 2022 జూన్‌లో ఎంపికైంది గజ్వేల్ ప్రాంతంలోని ములుగు. అప్పటి మంత్రి హరీశ్‌రావు, అప్పటి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సోమేశ్‌కుమార్ అక్కడికి వచ్చి రైతుల ఎదుటే రికార్డులు పరిశీలింపజేశారు. పాఠ్యపుస్తకం చెప్పే అవసరాల సేకరణ అంటే సరిగ్గా ఇదే. కాకపోతే పోర్టల్ మొదలై అప్పటికి 20 నెలలు కావస్తోంది. ఆ అనుభవంతో రాష్ట్రమంతటా రెవెన్యూ సదస్సులు పెడతామని ప్రకటించినా అవి వాయిదా పడ్డాయి. 2024 జనవరిలో కొత్త ప్రభుత్వం ధరణిపై కమిటీని నియమించింది. అదే ఏడాది చివర పోర్టల్ నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి జాతీయ సమాచార కేంద్రం, అంటే ఎన్‌ఐసీ చేతికి వెళ్లింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమైంది. అదే ఏడాది జూన్‌లో ఊరూరా జరిగిన రెవెన్యూ సదస్సులలో రాష్ట్రవ్యాప్తంగా 8 లక్షలకు పైగా దరఖాస్తులు అందాయి. ప్రక్షాళన నాడు అడిగి ఉండవలసిన ప్రశ్నలకు ఎనిమిదేళ్ల తరువాత కట్టలు కట్టలుగా వచ్చిన జవాబులవి.

ఇక్కడ ఒక సున్నితమైన అంశాన్ని విడమరచాలి. ఒక సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం పది ఎకరాలు ఉండి, అందులోని పట్టాలన్నీ కలిపితే పదకొండు ఎకరాలు తేలడం గ్రామాల్లో అరుదు కాదు. రెవెన్యూ సిబ్బంది దీన్ని ఆర్‌ఎస్‌ఆర్ తేడా అంటారు. డేటాబేస్‌లో ఒక చిన్న నిబంధన పెడితే ఇటువంటి నంబర్లన్నీ క్షణాల్లో పట్టుబడతాయి. కానీ ఆ ఎకరం ఎవరి ఖాతాలో తగ్గించాలో యంత్రం చెప్పలేదు. అందుకు కొలత కావాలి, విచారణ కావాలి, కాదన్నవారికి అప్పీలు కావాలి. ఇవి లేకుండా నిబంధన ఒక్కటే పెడితే రికార్డు తాళం పడి అందరి లావాదేవీలూ ఆగుతాయి. అసలు నిబంధనే పెట్టకపోతే లేని ఎకరం అమ్ముడుపోతుంది. అప్పీలు అంచెలు ధరణి నాటి చట్టంలో లోపించాయన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. భూభారతి చట్టం వాటిని తిరిగి తెచ్చింది. డేటాబేస్ ఒక పట్టికల గుట్ట కాదు, దాని చుట్టూ మనుషులు, అధికారాలు, గడువులు కలిస్తేనే సమాచార వ్యవస్థ అవుతుందన్న నిర్వచనాన్ని పుస్తకంలో రెండు పంక్తుల్లో ముగిస్తారు. ఈ ఒక్క ఎకరం తగాదాను తరగతిలో పెడితే గంట చాలదు.

ఒకే మల్లయ్య, నాలుగు వర్ణక్రమాలు

భూమి ఒక్కటే కాదు, పేరు కూడా చిక్కే. కొమురవెల్లి మల్లన్న కొలువైన జిల్లాలో మల్లయ్య, మల్లేశం, మల్లవ్వ పేర్లు ఇంటికొకటి. మల్లయ్యను ఇంగ్లిషులో రాసేటప్పుడు ఆధార్‌లో ఒక విధంగా, రేషన్ కార్డులో మరొక విధంగా, బ్యాంకు ఖాతాలో ఇంకొక విధంగా అక్షరాలు పడతాయి. ఒకరు చివర హెచ్ చేరుస్తారు, ఒకరు వై రెండుసార్లు రాస్తారు. ఇంటిపేరు ఒక చోట ముందు, మరొక చోట పొడి అక్షరం. పేరును ప్రైమరీ కీగా తీసుకోరాదని డేటాబేస్ తొలి పాఠంలోనే చెబుతారు. ఎందుకు తీసుకోరాదో ఊరి ఓటరు జాబితా చూపి చెబితే విద్యార్థి జన్మలో మరువడు.

వేర్వేరు శాఖల డేటాబేస్‌లను జోడించి ఒక మనిషి వివరాలన్నీ ఒక్కచోటికి తెచ్చే ‘సమగ్ర వేదిక’ను రాష్ట్రం కొన్నేళ్లుగా వాడింది. అర్హతల పరిశీలనకు అది ఆధారమైంది. కార్డుదారుకు ముందుగా నోటీసు ఇవ్వకుండా, క్షేత్ర పరిశీలన లేకుండా కంప్యూటర్ సరిపోల్చినదాన్ని బట్టి రేషన్ కార్డులు రద్దు చేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్ర స్థాయిలో మళ్లీ పరిశీలించాలని న్యాయస్థానం 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఇద్దరు వ్యక్తుల వివరాలు కలిసిపోతే యంత్రం దృష్టిలో అదొక సరిపోలిక. ఇంట్లో మాత్రం ఆ నెల బియ్యం రావు.

కళాశాల చేయగలది

సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు స్వయంప్రతిపత్తి ఉంది. పాఠ్యాంశాలను తన బోర్డ్ ఆఫ్ స్టడీస్ ద్వారా మార్చుకునే వెసులుబాటు ఉంది. మొత్తం సిలబస్ తిరగరాయనక్కరలేదు. ప్రయోగశాల రికార్డులోని లైబ్రరీ ఉదాహరణ స్థానంలో విద్యార్థి సొంత కుటుంబపు పాసుపుస్తకం పెడితే చాలు, ప్రయోగం మారిపోతుంది. పొరుగువారి కాగితాలు అనుమతి లేకుండా ముట్టుకోరాదన్నది ఆ పాఠంలోనే నేర్పవలసిన మరొక విషయం. వ్యక్తుల సమాచారం పట్ల గౌరవం గురించి సిలబస్‌లో ఒక పేరా ఉంటుంది కానీ దాన్ని పాటించే సందర్భమే విద్యార్థికి రాదు.

భూమి వద్దనుకుంటే వేరే తావులు లేకపోలేదు. సిద్దిపేట గొల్లభామ చీర నేసే చేనేత సహకార సంఘంలో నూలు ఎంత ఇచ్చారు, చీర ఎప్పుడు వచ్చింది, మజూరీ ఎంత బాకీ అన్న లెక్క ఉంటుంది. మార్కెట్ యార్డులో తూకం చీటీ ఉంటుంది. పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం ఉంటుంది. వీటిలో ఏ ఒక్కదాని దగ్గరికైనా వెళ్లి వారం రోజులు కూర్చుని, పని చేసేవారిని అడిగి, వారు చెప్పింది తెలుగులోనే రాసుకుని, తిరిగి వారికే చదివి వినిపించి ‘ఇంతేనా, ఇంకేమైనా ఉందా’ అని అడగడమే పుస్తకాల్లోని ధ్రువీకరణ దశ. అమీర్‌పేటలో ఇది అమ్మరు.

2023 జూన్ 15న సిద్దిపేట శివారులో ఐటీ టవర్ ప్రారంభమైనప్పుడు ఇక్కడి పిల్లలకు ఇక్కడే కొలువులన్న ఆశ కలిగింది. కోడు రాసే పనిని కృత్రిమ మేధ పరికరాలు కొంతమేర తామే చేసిపెడుతున్న రోజులివి. ఏం కావాలో స్పష్టంగా చెబితే ప్రశ్నను ఎస్‌క్యూఎల్‌లోకి అవి మార్చిపెడతాయి. ఎకరానికి ఎన్ని గుంటలో చెప్పకపోతే 1.30ను అవి ఎలా చదువుతాయన్న పూచీ ఎవరిదీ కాదు. అడిగి తెలుసుకునే మనిషికి ఉన్న విలువ ఈ మార్పులో తగ్గేది కాదు.

ఇక భూభారతి కొత్త ప్రశ్న ఒకటి తెచ్చింది. ఇకపై భూమి బదలాయింపుతో పాటు సర్వే పటం జత చేయాలన్నది ఆ చట్టం ఉద్దేశం. ఇందుకోసం 2025లో లైసెన్సు పొందిన సర్వేయర్లకు శిక్షణ ఇచ్చి రంగంలోకి దించారు. ఇంతకాలం పట్టికలో ఉన్నది అంకె మాత్రమే. ఇప్పుడు దాని పక్కన గీత చేరుతోంది. పాసుపుస్తకంలో 1.30 ఉండి, కొలతలో 1.24 మాత్రమే తేలితే రికార్డులో ఏది నిలవాలి, ఎవరు సంతకం చేయాలి, ఆ ఆరు గుంటలు గట్టు అవతలి రైతు ఖాతాలో ఎక్కువగా ఉంటే అతడికి ఎన్ని రోజుల గడువివ్వాలి అన్నవి తహసీల్దారు బల్ల మీదికి రాబోతున్న ప్రశ్నలు. వచ్చే సెమిస్టరు డేటాబేస్ ప్రశ్నపత్రంలో వీటిలో ఒక్కటైనా అచ్చవుతుందా అన్నది బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యుల చేతిలో ఉంది.